గేమ్ కంట్రోలర్‌కు అదనపు బటన్ అమర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తమ కంట్రోలర్ వెనుక వైపున గానీ పక్కన గానీ మరొక బటన్ సొంతంగా అమర్చుకోవాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. సోల్డరింగ్ (కరిగించిన లోహంతో వైర్లు అతికించడం) కొద్దిగానైనా చేతనైనవారి కోసం రాసినదే అయినా, కంట్రోలర్‌ను ఎన్నడూ విప్పి చూడనివారు కూడా చదివి, ఈ పని తమ వల్ల అవుతుందో కాదో తేల్చుకోవచ్చు.

అసలు అదనపు బటన్ అవసరమా? సెట్టింగులలో బటన్లు మార్చుకుంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. అందుకే ముందు ఆ దారి ప్రయత్నించమంటాను. ఇప్పటి కన్సోళ్లు దాదాపు అన్నీ ఒక బటన్ పనిని మరొక బటన్‌కు అప్పగించుకోనిస్తాయి. నింటెండో స్విచ్‌కు కూడా 2020 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్‌తో ఈ వీలు కలిగింది. అయితే సెట్టింగులు బటన్ల పనులను మాత్రమే మారుస్తాయి, వేళ్ల సంఖ్యను పెంచవు. మామూలు కంట్రోలర్‌లో కుడి బొటనవేలు ఒక్కటే కుడి స్టిక్‌నూ, ముందున్న నాలుగు బటన్లనూ చూసుకోవాలి. గురి చూస్తూనే గెంతాలంటే ఆ వేలు స్టిక్‌ను వదలక తప్పదు. మధ్యవేలు, ఉంగరపు వేలు మాత్రం వెనుక వైపున కంట్రోలర్‌ను పట్టుకోవడం తప్ప వేరే పని లేకుండా ఉంటాయి. వాటికీ పని కల్పించడమే అదనపు బటన్ ఉద్దేశం.

తయారీదారులు కూడా ఈ సంగతి గుర్తించారు. 2015లో వచ్చిన స్టీమ్ కంట్రోలర్‌కు వెనుక రెండు బటన్లు, అదే ఏడాది వచ్చిన ఎక్స్‌బాక్స్ ఎలీట్ కంట్రోలర్‌కు నాలుగు ప్యాడిళ్లు (వేలితో నొక్కే రెక్కల వంటి మీటలు) ఉన్నాయి. సోనీ 2020లో ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ అయిన డ్యూయల్‌షాక్ 4కు తగిలించుకునే వెనుక బటన్ల పరికరాన్ని, 2023లో వెనుక బటన్లతోనే డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌ను విడుదల చేసింది. మీ కంట్రోలర్‌కు అటువంటి తగిలింపు పరికరం దొరికి, దానితో మీ అవసరం తీరుతుంటే డ్రిల్ పట్టుకోనక్కరలేదు.

నేను అమర్చే బటన్ కొత్త బటన్‌గా పనిచేస్తుందా, ఉన్న బటన్‌కు నకలుగా పనిచేస్తుందా?

సాధారణ పద్ధతిలో అది నకలే. ఉన్న బటన్ రెండు కొసల నుంచి రెండు వైర్లు తెచ్చి కొత్త స్విచ్‌కు కలిపితే, ఏది నొక్కినా కంట్రోలర్‌లోని చిప్‌కు ఒకే సంకేతం అందుతుంది. ఆ రెండింటినీ వేరుగా గుర్తించడం ఆటకు గానీ కన్సోల్‌కు గానీ సాధ్యం కాదు. నూటికి తొంభై అవసరాలకు ఇదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఇందులో ప్రోగ్రామింగ్ లేదు, వేరే విద్యుత్ సరఫరా అక్కరలేదు, సంకేతం ఆలస్యం కాదు.

నిజంగా కొత్త బటన్ కావాలంటే ఆర్‌పీ2040 వంటి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న చిప్) ఉన్న చిన్న బోర్డుతో ప్రత్యేకమైన యూఎస్‌బీ పరికరాన్ని తయారు చేసుకోవాలి. కంప్యూటర్ దానిని ఇబ్బంది లేకుండా స్వీకరిస్తుంది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, వాటి తరువాతి కన్సోళ్లు మాత్రం తాము ధ్రువీకరించిన కంట్రోలర్ కాకపోతే ఒప్పుకోవు కనుక ఆ దారి అక్కడ తేలికగా సాగదు.

ఏ బటన్‌కు నకలు పెట్టుకుంటే మేలు?

మీరు ఆడే ఆటలో బొటనవేలిని స్టిక్ మీద నుంచి లేపించే బటన్ ఏదో చూడండి. స్టిక్‌ను కిందికి నొక్కితే పనిచేసే ఎల్3, ఆర్3 బటన్లు కూడా మంచి ఎంపికే. స్టిక్‌ను నొక్కుతూ కదిపినప్పుడు గురి కాస్తయినా జరుగుతుంది, పైగా అది స్టిక్‌కు అదనపు ఒత్తిడి. మరొక లాభం ఏమిటంటే, సాధారణంగా ఆ స్విచ్ కాళ్లు కంట్రోలర్ లోపలి సర్క్యూట్ బోర్డును దాటి అవతలికి పొడుచుకుని వచ్చి ఉంటాయి కనుక వైరు అతికించడానికి అంతకన్నా అనువైన చోటు కంట్రోలర్‌లో దొరకదు. మొదటిసారి చేసేవారు ఆర్3తో మొదలుపెట్టడం మంచిది.

బోర్డు ఏ రకమో తెలుసుకోవాలంటారు. అదెందుకు, ఎలా?

బటన్లను చిప్‌కు కలిపే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటి పద్ధతిలో అన్ని బటన్లకూ ఒక కొస ఉమ్మడిగా, ఎక్కువగా గ్రౌండ్‌కు (సర్క్యూట్‌లో సున్నా వోల్టేజీ వైపుకు), కలిసి ఉంటుంది. రెండవ కొస మాత్రం దేనికదే చిప్‌కు వెళుతుంది. రెండవది మ్యాట్రిక్స్ పద్ధతి. ఇందులో బటన్లు అడ్డు, నిలువు వరుసలు కలిసే చోట్ల ఉంటాయి, చిప్ ఒక్కొక్క వరుసనూ పరిశీలిస్తూ ఏ బటన్ నొక్కారో తెలుసుకుంటుంది. ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్లలో ఈ రెండు రకాల బోర్డులూ వచ్చాయి. పైకి చూస్తే తేడా తెలియదు. డ్యూయల్‌షాక్ 4లో కూడా జేడీఎం-001 నుంచి జేడీఎం-055 వరకు అనేక బోర్డులు ఉన్నాయి, ఒకదానికి గీసిన బొమ్మ మరొకదానికి సరిపోతుందన్న హామీ లేదు. కాబట్టి ఎవరో పెట్టిన ఫొటో చూసి వైరు వేయకండి. ముందు బోర్డు మీద ముద్రించిన పేరు చదవండి, ఆ తరువాత మల్టీమీటర్‌తో మీరే సరిచూసుకోండి.

బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే మోగే సెట్టింగులో) పెట్టి, దాని రెండు కొలత పుల్లలలో ఒకదానిని యూఎస్‌బీ సాకెట్ లోహపు తొడుగు మీద ఆనించండి. సాధారణంగా అదే గ్రౌండ్. రెండవ పుల్లతో ఒక్కొక్క బటన్ రెండు కొసలనూ తాకండి. ప్రతి బటన్‌లోనూ ఒక కొస దగ్గర మీటర్ మోగితే అది ఉమ్మడి గ్రౌండ్ బోర్డు. అలా మోగకపోతే మ్యాట్రిక్స్ గానీ మరొక పద్ధతి గానీ అయి ఉండాలి. అప్పుడు గ్రౌండ్‌ను పూర్తిగా మరచిపోయి, మీరు ఎంచుకున్న బటన్ రెండు కొసలకూ రెండు వైర్లు వేయండి. ఇది ఏ రకం బోర్డుమీదైనా పనిచేసే పద్ధతి. ఉమ్మడి గ్రౌండ్ వల్ల కలిసొచ్చేది ఒక్కటే: రెండవ వైరును దగ్గరలో ఉన్న ఏ గ్రౌండ్ చోటుకైనా కలపవచ్చు.

రబ్బరు బటన్ కింద నల్లటి పూత ఉంది. దాని మీద సోల్డర్ పట్టడం లేదు. ఏం చేయాలి?

పట్టదు. అది కార్బన్ పూత. దాని మీద ఎంతసేపు కాల్చినా సోల్డర్ ముద్దకట్టి జారిపోతుంది తప్ప అంటుకోదు, పైగా పూత పాడై అసలు బటన్ కూడా పోతుంది. నల్లటి భాగాన్ని ముట్టుకోకుండా దానికి చేరే సన్నని రాగి గీతను వెదకండి. చాలా బోర్డులలో ఆ గీత ఎక్కడో ఒకచోట గుండ్రని టెస్ట్ ప్యాడ్ దగ్గర తేలుతుంది. ఫ్యాక్టరీలో బోర్డును పరీక్షించడానికి ఉంచిన ఆ వెండి చుక్కే మనకు అన్నిటికన్నా మంచి చోటు.

టెస్ట్ ప్యాడ్ దొరకకపోతే గీత మీద ఉన్న రంగు పొరను గీకాలి. పదునైన సన్నని బ్లేడును పడుకోబెట్టినట్టు పట్టుకుని, గీత పొడవునా ఒకే దిశలో, బరువు పెట్టకుండా లాగండి. మొదట సన్నని పొడి లేస్తుంది, తరువాత పొర పలుచబడి రంగు లేతబడుతుంది, ఆ వెంటనే గులాబీ ఛాయలో రాగి మెరుస్తుంది. ఆ మెరుపు రెండు మిల్లీమీటర్ల మేర కనిపించిందంటే ఆపేయండి. ఇంకొక్కసారి గీకితే బాగుంటుందనిపించే ఆ క్షణంలోనే గీతలు తెగుతాయి. గీకిన చోట కొంచెం ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాసి, ముందుగా సోల్డర్‌ను పలుచగా పట్టించి, వైరు కొసకు కూడా విడిగా పట్టించి, ఆ తరువాత రెండింటినీ కలిపి ఒక్క క్షణం వేడి తగిలిస్తే చాలు.

డ్యూయల్‌షాక్ 4 వంటి వాటిలో బటన్ల కింద బోర్డుకు బదులు ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. దాని మీద సోల్డరింగ్ అసలే వద్దు, కరిగిపోతుంది. ఆ ఫిల్మ్ వచ్చి ప్రధాన బోర్డుకు కలిసే చోట ఉన్న టెస్ట్ ప్యాడ్లనే వాడుకోవాలి.

సోల్డరింగ్‌కు ఎంత వేడి, ఎటువంటి వైరు?

సీసం కలిసిన 63/37 (తగరం 63, సీసం 37 పాళ్లు) సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం లేనిది సుమారు 217 డిగ్రీలు కోరుతుంది. ఫ్యాక్టరీ బోర్డుల మీద ఎక్కువగా ఉండేది రెండవదే కనుక పాత సోల్డర్ మొండికేసినట్టు అనిపిస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌ను 320 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంచి, ఒక్కొక్క అతుకును రెండు మూడు సెకన్లలో ముగించండి. గాలి ఆడే చోట కూర్చోండి. సీసం సోల్డర్ ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

వైరు 30 గేజ్‌ది తీసుకోండి. లోపలి రాగి మందం పావు మిల్లీమీటరు ఉంటుంది. అంతకన్నా లావు వైరు వాడితే మూత మూసేటప్పుడు దాని బిగువే వైరు అతికిన ప్యాడ్‌ను (బోర్డు మీది రాగి చుక్కను) పెకలిస్తుంది. నేను మొదటిసారి చేసిన కంట్రోలర్‌లో ఇదే జరిగింది. చేతికి దొరికిన లావు వైరు వేసి, అతుకు గట్టిగా ఉందని సంతోషించి మూత బిగించాను. తెరిచి చూసేసరికి అతుకు చెక్కుచెదరలేదు కానీ కింద ఉన్న ప్యాడ్ మొత్తం దానితో పాటు లేచి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి అతుకుకూ ఐదారు మిల్లీమీటర్ల దూరంలో వైరును హాట్ గ్లూ చుక్కతో బోర్డుకు అంటించకుండా ముందుకు వెళ్లడం లేదు. లాగుడంతా ఆ చుక్క మీద పడుతుంది, ప్యాడ్ క్షేమంగా ఉంటుంది. తరువాత ఎప్పుడైనా తీయాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేస్తే గ్లూ పట్టు వదిలేస్తుంది.

ఎటువంటి స్విచ్ వాడాలి?

6 మిల్లీమీటర్ల చదరపు ట్యాక్టైల్ స్విచ్ (నొక్కితే టిక్కుమనే చిన్న స్విచ్) చాలు. దానికి నాలుగు కాళ్లు ఉంటాయి, వాటిలో రెండేసి లోపలే కలిసి ఉంటాయి. ఏవి జంటో గుర్తులేకపోతే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లను తీసుకోండి, ఎప్పుడూ తప్పు జరగదు. పక్కపక్కన ఉన్న కాళ్లను తీసుకుంటే అవి ఒకే జంటవై, బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే కనిపించే ప్రమాదం ఉంది.

గట్టిదనం గురించి కాస్త ఆలోచించండి. ఈ స్విచ్‌లు 160 గ్రాముల బలానికి పనిచేసేవి, 260 గ్రాములు కోరేవి ఉంటాయి. వెనుక వేళ్లు కంట్రోలర్‌ను పట్టుకుని ఉంటాయి కనుక స్విచ్ మరీ మెత్తనిదైతే ఉత్కంఠలో పట్టు బిగిసినప్పుడు దానంతటదే నొక్కుకుపోతుంది. వేలు నేరుగా స్విచ్ మీద పడే అమరికకు గట్టిది, పొడవైన ప్యాడిల్ ద్వారా నొక్కే అమరికకు మెత్తనిది అని నేను ఎంచుకుంటాను.

బటన్ ఎక్కడ పెట్టాలో ఎలా నిర్ణయించుకోవాలి?

ఈ మొత్తం పనిలో అందరూ తొందరపడేది, తరువాత బాధపడేది ఇక్కడే. వైరింగ్ తప్పయితే విప్పి మళ్లీ వేయవచ్చు, రంధ్రం తప్పు చోట పడితే ఆ మూత వెనక్కి రాదు. ఇంకొకరి కంట్రోలర్ మీద బాగున్న చోటు మీ చేతికి బాగుండాలని లేదు. అరచేతి వెడల్పు, వేళ్ల పొడవు, పట్టుకునే అలవాటు ఎవరివి వారివే.

కంట్రోలర్ విప్పకముందే వెనుక వైపున పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి చిన్న ఉండను అంటించండి. మామూలుగా మీరు ఆడే ఆటను, ఆ ఉండను పట్టించుకోకుండా, గంటసేపు ఆడండి. తరువాత చూస్తే వేలి ఒత్తిడి పడిన చోట మట్టి నొక్కుకుపోయి, గోరు గుర్తుతో సహా కనిపిస్తుంది. మనం కావాలని వేలు పెట్టి గుర్తించిన చోటుకూ, ఆటలో లీనమైనప్పుడు వేలు సహజంగా ఆనిన చోటుకూ సెంటీమీటరు తేడా ఉన్న సందర్భాలు నేను చూశాను. బటన్‌ను వేలు ఆనే చోటే కాకుండా దానికి నాలుగైదు మిల్లీమీటర్లు పక్కగా, వేలిని కాస్త ముడిస్తే అందేలా పెట్టండి. అప్పుడు విశ్రాంతిగా ఉన్న వేలు దానిని నొక్కదు.

చోటు తేలాక మూత లోపలి వైపు చూడండి. స్క్రూలు దిగే స్తంభాలు, బ్యాటరీ పెట్టె గోడలు, మూతకు బలమిచ్చే పక్కటెముకల వంటి గీతలు ఆ చోట అడ్డం రాకూడదు. మరీ ముఖ్యంగా, పిడిలో ఉండే వైబ్రేషన్ మోటారును గమనించండి. దాని ఇరుసుకు ఒకవైపే బరువున్న లోహపు ముక్క ఉంటుంది, అది తిరిగేటప్పుడు దారిలో ఉన్న వైరును కొద్ది రోజులలోనే కోసేస్తుంది. ఆ ముక్కను వేలితో ఒక పూర్తి చుట్టు తిప్పి, స్విచ్‌కు గానీ వైరుకు గానీ తగలడం లేదని చూసుకున్నాకే ముందుకు సాగండి.

విప్పేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?

సరైన స్క్రూడ్రైవర్ లేకుండా మొదలుపెట్టకండి. డ్యూయల్‌షాక్ 4కు వెనుక మామూలు ప్లస్ ఆకారపు స్క్రూలు నాలుగు ఉంటాయి. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ కంట్రోలర్లకు మధ్యలో రంధ్రం ఉన్న టీ8 సెక్యూరిటీ టార్క్స్ కావాలి, వాటిలో ఒక స్క్రూ బ్యాటరీ గదిలోని స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. నింటెండో స్విచ్ కంట్రోలర్లైన జాయ్‌కాన్‌లకు మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి. లోపల లిథియం బ్యాటరీ ఉన్నవాటిలో తెరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని దాని ప్లగ్‌ను తీసి బ్యాటరీని దూరంగా పెట్టడం. డ్రిల్, ఐరన్, బ్లేడు వాడే చోట బ్యాటరీ ఉండకూడదు, ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే దానిని మళ్లీ లోపల పెట్టకూడదు. రెండు సగాలను ఒక్కసారిగా విడదీస్తే వాటిని కలిపే రిబ్బన్ కేబుల్ చిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా పుస్తకంలా తెరవండి. ఇలా విప్పితే వారంటీ విషయంలో చిక్కులు రావచ్చు, గడువు ఉన్న కంట్రోలర్ మీద మొదటి ప్రయోగం వద్దు.

రంధ్రం వేయడం, స్విచ్‌ను అతికించడం ఎలా?

మూతను విడిగా తీసి, పైన మాస్కింగ్ టేపు అంటించి, ఒకటిన్నర మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి అంచుకు గడ్డకడుతుంది. చివరి అర మిల్లీమీటరును ఆకురాయితో చేత్తో సరిచేసుకుంటే బటన్ బిగుతు లేకుండా, వదులు లేకుండా కూర్చుంటుంది. స్విచ్‌ను లోపలి నుంచి ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురుతో) అతికించండి. త్వరగా ఆరే సూపర్ గ్లూ ఇక్కడ పనికిరాదు. అది నీళ్లలా పాకి స్విచ్ లోపలికి చేరి దానిని శాశ్వతంగా బిగదీస్తుంది.

ప్యాడ్ లేచిపోయింది. కంట్రోలర్ పోయినట్టేనా?

పోలేదు. ఆ ప్యాడ్ నుంచి వెళ్లే గీతను వెంబడించి, తరువాతి టెస్ట్ ప్యాడ్ దగ్గర గానీ, గీత బోర్డును దాటి అవతలికి వెళ్లే చిన్న రంధ్రం దగ్గర గానీ, పైన చెప్పినట్టు గీకి అక్కడ వైరు కలపండి. లేచిన ముక్కను లాగకుండా కత్తిరించండి, లాగితే గీత కూడా దాని వెంట వచ్చేస్తుంది.

మూత తెరిచి ఉన్నప్పుడు పనిచేస్తుంది, మూసేసరికి బటన్ నొక్కి ఉన్నట్టు చూపుతోంది. ఎందుకు?

రెండింటిలో ఒక కారణం ఉంటుంది. మూత సగాల మధ్య వైరు నలిగి ఇన్సులేషన్ చిట్లి ఉండవచ్చు, లేదా బయటి బటన్ ముక్క పొడవు ఎక్కువై స్విచ్‌ను ఎప్పుడూ నొక్కి ఉంచుతూ ఉండవచ్చు. స్క్రూలు బిగించకుండా మూతను చేత్తో కొద్దికొద్దిగా నొక్కుతూ, స్విచ్ వైర్ల మధ్య మల్టీమీటర్ ఏ క్షణంలో మోగుతుందో వినండి. కంట్రోలర్ అసలే వెలగకపోతే ముందు రిబ్బన్ కేబుల్‌నే అనుమానించండి, అది సాకెట్‌లో నిటారుగా కూర్చోకపోవడమే ఎక్కువగా కారణం.

ట్రిగ్గర్‌కు కూడా ఇలాగే నకలు పెట్టవచ్చా?

అంత సులువు కాదు. ట్రిగ్గర్ ఎంత లోతుగా నొక్కారో కొలిచే సెన్సర్ ఉంటుంది కనుక అక్కడ రెండు కొసలు కలిపితే ఏమవుతుందో కంట్రోలర్‌ను బట్టి మారుతుంది. సెన్సర్ కాళ్ల మీద వోల్టేజీని, ట్రిగ్గర్ వదిలినప్పుడూ పూర్తిగా నొక్కినప్పుడూ కొలవకుండా ఏ వైరూ కలపకండి. డ్యూయల్‌షాక్ 2, 3లలో ముందు బటన్లు కూడా ఒత్తిడిని కొలిచేవే. వాటికి స్విచ్ కలిపితే ఎప్పుడూ పూర్తి బలంతో నొక్కినట్టే లెక్కకు వస్తుంది.

ఒక వేలు గానీ ఒక చేయి గానీ సరిగా కదలనివారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుందా?

నిజానికి ఈ పని నేర్చుకున్నవారు ముందుగా చేయవలసింది ఇదే అని నేను నమ్ముతాను. ఇక్కడ చేయవలసిన మార్పు ఒక్కటే: స్విచ్ పెట్టే చోట 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్ (రెండు కొసల ప్లగ్ దిగే సాకెట్) అమర్చండి. వికలాంగుల కోసం తయారయ్యే పెద్ద బటన్లు, పాదంతో నొక్కేవి, తల పక్కన పెట్టుకునేవి, ఎక్కువగా ఇదే జాక్‌తో వస్తాయి. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనుక ఇటువంటి జాక్‌లే వరుసగా ఉంటాయి. 2023లో సోనీ తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్‌కు కూడా నాలుగు ఉన్నాయి. మామూలు కంట్రోలర్‌కే ఒక జాక్ ఉంటే, అలవాటైన ఆ కంట్రోలర్‌ను వదలకుండానే, అందని ఒక్క బటన్‌ను మోకాలి దగ్గరకో మోచేతి దగ్గరకో తెచ్చుకోవచ్చు. బటన్ ఎక్కడ ఉండాలో, ఎంత మెత్తగా ఉండాలో ఆడే మనిషినే అడిగి, ఎదుట కూర్చుని చూసి నిర్ణయించండి. మన చేతితో ఊహించి చేసినది వారికి సరిపోదు.

టర్బో బటన్‌గా మార్చుకోవచ్చా? పోటీలలో ఒప్పుకుంటారా?

నొక్కి పట్టుకుంటే వరుసగా నొక్కినట్టు చేసే టర్బోకు మధ్యలో టైమర్ చిప్ గానీ మైక్రోకంట్రోలర్ గానీ కావాలి. సాంకేతికంగా కష్టం కాదు కానీ ఎదుటివారితో ఆడే ఆటలలో అది న్యాయం కాదు, చాలా పోటీల నియమాలు కూడా ఒప్పుకోవు. ఒక నొక్కుకు ఒక సంకేతం పంపే నకలు బటన్‌కు చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, అయినా పాల్గొనే ముందు ఆ పోటీ నియమావళి చదవండి.

ఇలా చేసిన కంట్రోలర్లను అమ్మవచ్చా?

సొంత వాడకం వేరు, వ్యాపారం వేరు. వెనుక ప్యాడిళ్ల మీద పేటెంట్లు ఉన్నాయి. స్టీమ్ కంట్రోలర్ వెనుక బటన్ల విషయంలో ఐరన్‌బర్గ్ ఇన్వెన్షన్స్ సంస్థ ఆ కంట్రోలర్ తయారీదారు వాల్వ్ మీద అమెరికాలో వేసిన దావాలో, 2021 ఫిబ్రవరిలో జ్యూరీ నలభై లక్షల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. అమ్మాలనుకునేవారు న్యాయవాదిని అడగకుండా మొదలుపెట్టడం మంచిది కాదు.

తరువాత ఎప్పుడైనా పాత స్థితికి తీసుకురావచ్చా?

బోర్డు వరకు తప్పకుండా తీసుకురావచ్చు. వైర్లు తీసి, ఫ్లక్స్ మరకలను ఆల్కహాల్‌తో తుడిచి, గీకిన రాగి మీద రక్షణ పూత వేస్తే సరిపోతుంది. మూత మీది రంధ్రాన్ని మాత్రం పూడ్చినా గుర్తు మిగులుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే విడిగా ఒక వెనుక మూత సంపాదించి, రంధ్రం దానికే వేసి, అసలు మూతను స్క్రూలతో సహా భద్రపరచండి.